పతా మనది, మకాన్ కిరాయిది: ఆఫీసు ఈమెయిల్ సర్వర్ తారీఖ్

మన కారోబారీ భాయీల విజిటింగ్ కార్డులు ఓ పది తీసి టేబుల్ మీద పరచండి. దుకాణం పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. కింద రెండు ఫోన్ నంబర్లు, పక్కనే వాట్సాప్ గుర్తు. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో ఒక జీమెయిల్ అడ్రసు. అందులో దుకాణం పేరు సగమే ఉంటుంది, ఆ తర్వాత మాలిక్ పుట్టిన సంవత్సరమో, గుర్తుండని ఏవో అంకెలో ఉంటాయి. షట్టర్ మీద బోర్డు మనదే, బిల్లుబుక్కు మీద పేరు మనదే. ఖత్ మాత్రం వేరేవాళ్ల ఇంటి పతాకు వస్తుంది.

"మన ఆఫీసుకు మనమే ఒక ఈమెయిల్ సర్వర్ పెట్టుకోకూడదా?" అని కంప్యూటర్ చదువుకున్న కుర్రాళ్లు అడుగుతుంటారు. సవాల్ మంచిదే. దీని జవాబు కంప్యూటర్ కితాబుల్లో కన్నా తారీఖ్‌లో బాగా దొరుకుతుంది. ఒక జమానాలో ఈమెయిల్ వాడే ప్రతి ఆఫీసూ తన డాక్‌ఖానాను తానే నడుపుకునేది. అదేమీ గొప్ప సంగతి కాదు, మామూలు రివాజ్. ఆ రివాజ్ ఎలా పోయింది? పోయాక మన చేతిలో ఏం మిగిలింది? ఈ రెండు ముక్కలు తెలిస్తే ఇవాళ మన దుకాణానికి ఏ ఇంతెజాం కావాలో మనకే అర్థమవుతుంది.

పతాకు రెండు భాగాలు

1965 నాటికే అమెరికాలోని ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను వాడుకునేవాళ్లు ఒకరికొకరు సందేశాలు వదిలిపెట్టుకునేవాళ్లు. ఒకే ఇంట్లో గోడకు చీటీ అంటించినట్టన్నమాట. ఆ చీటీ గడప దాటేది కాదు.

దాన్ని గడప దాటించినవాడు రే టామ్లిన్సన్. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో బీబీఎన్ అనే కంపెనీలో ఇంజనీరు. 1971లో ఆయన దగ్గర రెండు ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకటి అదే మెషీన్‌లో సందేశం వదిలేది, రెండోది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు ఫైలు పంపేది. రెంటినీ కలిపాడు. మొదటి ఖత్ వెళ్లిన రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ వాటిని కలిపే దారి అర్పానెట్ అనే నెట్‌వర్క్ ఒక్కటే. ఇవాళ్టి ఇంటర్నెట్‌కు అదే నానమ్మ.

ఏ మనిషికి, ఏ మెషీన్‌లో అన్న రెండు ముక్కలను విడదీయడానికి మనుషుల పేర్లలో ఎక్కడా రాని గుర్తు ఒకటి కావలసి వచ్చింది. ఆయన ఎంచుకున్నది 'ఎట్' గుర్తు. అది అప్పటిదాకా దుకాణాల హిసాబ్‌లో వాడే గుర్తు. ఇన్ని డజన్లు, ఒక్కోటి ఇంత ధర అని రాసేటప్పుడు మధ్యలో పెట్టేవాళ్లు. తాజిర్ల బహీఖాతాలోంచి వచ్చిన గుర్తు దునియా మొత్తానికి పతా అయింది. ఎడమ వైపు మనిషి, కుడి వైపు మకాన్. ఈ కుడి వైపు ముక్కను బాగా గుర్తుపెట్టుకోండి. మన అసలు మసలా అక్కడే ఉంది.

ఏతబార్ మీద నడిచిన కాయిదా

పదేళ్లకు, 1982 ఆగస్టులో, జాన్ పోస్టెల్ అనే ఆయన సర్వర్లు ఒకదాంతో ఒకటి ఖత్‌లు ఇచ్చిపుచ్చుకునే కాయిదా రాశాడు. దాని పేరు ఎస్ఎంటీపీ. తర్వాత చాలా చేర్పులు జరిగినా ఇవాళ్టికీ పునాది అదే.

ఆ కాయిదా ఇద్దరు షరీఫ్ మనుషుల గుఫ్తగూలా ఉంటుంది. పంపే సర్వర్ తలుపు తట్టి హెలో అంటుంది, తన పేరు చెబుతుంది. ఫలానా వారి దగ్గర్నుంచి ఖత్ తెచ్చాను అంటుంది. ఫలానా వారికి అంటుంది. అవతలివాళ్లు సరే అన్నాక ఖత్ మొత్తం చదివి వినిపిస్తుంది. చివర ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడుతుంది. అంటే ఖత్మ్. అవతలి సర్వర్ 250 అనే నంబరుతో జవాబు ఇస్తుంది. "అందింది" అని దాని మానీ. ఆ నంబరు పలికిన క్షణం నుంచి ఆ ఖత్ జిమ్మేదారీ అవతలివాళ్లది. పోగొట్టడానికి వీల్లేదు. ముందుకు చేర్చాలి, లేదా చేర్చలేకపోయాను అని పంపినవాళ్లకు ఖబర్ ఇవ్వాలి. అమానత్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారడం ఇదే.

అవతలి సర్వర్ తలుపు తీయకపోతే? పంపే సర్వర్ ఖత్‌ను తన దగ్గరే దాచుకుని మళ్లీ మళ్లీ వెళ్తుంది. నాలుగైదు రోజుల దాకా సబర్ చేయాలని కాయిదా. 14వ శతాబ్దంలో తుగ్లక్‌ల హిందుస్తాన్ చూసిన ఇబ్న్ బతూతా, మన డాక్ గురించి రాశాడు. మైలుకు మూడు చోట్ల హర్కారాలు నడుము బిగించి సిద్ధంగా ఉండేవాళ్లు. గంటల చప్పుడు వినగానే ముందుకు వచ్చి, ఖత్ అందుకుని పరుగెత్తేవాళ్లు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి చేతులు మారుతూ పోవడం. ఈమెయిల్ సర్వర్ల పని కూడా అసల్‌లో అదే.

అయితే ఈ కాయిదాలో ఒక లోటు ఉంది. తలుపు తట్టినవాడు చెప్పిన పేరు నిజమా అని అడిగే మాటే లేదు. ఎవరి దగ్గర్నుంచి తెచ్చావంటే ఏ పేరు చెప్పినా నమ్మాల్సిందే. ఇది బేవకూఫీ కాదు. ఆ రోజుల్లో ఆ నెట్‌వర్క్ మీదున్న మెషీన్లు కొన్ని వందలే. యూనివర్సిటీలు, ప్రయోగశాలలు, సర్కారీ సంస్థలు. ఒక మొహల్లాలో అందరికీ అందరూ తెలిసినప్పుడు తలుపుకు తాళం ఎవరు వేస్తారు?

ఈ కాయిదాను నడిపే ప్రోగ్రాములో మొదట పేరు తెచ్చుకున్నది సెండ్‌మెయిల్. బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ రాశాడు. 1983లో బర్కిలీ యూనిక్స్‌తో పాటు వచ్చింది. అప్పట్లో నెట్‌వర్క్‌లు రకరకాలు, పతాలు రాసే పద్ధతులు రకరకాలు. అన్నిటినీ అర్థం చేసుకోవాలి కాబట్టి దాని సెట్టింగుల ఫైలు మంత్రాల తావీజులా ఉండేది. దాన్ని వివరించే కితాబ్ తర్వాతి ముద్రణల్లో వెయ్యి పేజీలు దాటింది. ఆఫీసులో సర్వర్ పెట్టడమంటే అది తెలిసిన ఒక ఉస్తాద్‌ను పెట్టుకోవడమే.

1986లో దొరికిన ఆజాదీ

చాలామంది దాటేసిపోయే విషయం ఒకటుంది. చిన్న కారోబార్‌కు ఈ మొత్తం తారీఖ్‌లో అందరికన్నా ఎక్కువ ఫాయిదా చేసింది అదే.

మొదట్లో పతాలో కుడి వైపు ఉండేది నిజమైన మెషీన్ పేరు. మెషీన్ మారితే పతా మారిపోయేది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను తయారుచేశాడు. పేరు అడిగితే నంబరు చెప్పే ఒక పెద్ద డైరెక్టరీ అది. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ దానికి ఎంఎక్స్ అనే నమోదు ఎలా వాడాలో కాయిదా రాశాడు. డొమైన్ మాలిక్ ఆ డైరెక్టరీలో ఇలా రాయించుకోవచ్చు: "నా పేరు మీద వచ్చే డాక్‌ను ఫలానా సర్వర్‌లో దింపండి. అది పలకకపోతే ఫలానా రెండో సర్వర్‌లో దింపండి."

దీనితో పతా వేరు, మకాన్ వేరు అయిపోయాయి. మీ దుకాణం పేరుతో ఉన్న డొమైన్ మీదే. డాక్ దిగే సర్వర్ మీ ఆఫీసు మూలలో ఉండొచ్చు, ఇంకొకరి దగ్గర కిరాయికి ఉండొచ్చు. రేపు ఆ కిరాయిదారు నచ్చకపోతే ఎంఎక్స్‌లో ఒక్క వరుస మారిస్తే చాలు, డాక్ కొత్త మకాన్‌కు వస్తుంది. గ్రాహకులకు తెలియను కూడా తెలియదు. బోర్డు మార్చక్కర్లేదు, కార్డులు మళ్లీ అచ్చు వేయించక్కర్లేదు. జీమెయిల్, యాహూ అడ్రసుల్లో ఈ ఆజాదీ లేదు. అక్కడ పేరూ వాళ్లదే, మకాన్ కూడా వాళ్లదే.

సర్వర్‌కు చేరిన ఖత్‌ను మనిషి తెరిచి చదవాలి కదా. దానికీ ఆ దశాబ్దంలోనే రెండు దారులు పడ్డాయి. 1984లో మొదలైన పాప్, డాక్‌ఖానాకు వెళ్లి మన సంచీలో ఖత్‌లు వేసుకుని ఇంటికి తెచ్చుకునే పద్ధతి. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమ్యాప్, ఖత్‌లను డాక్‌ఖానాలోనే ఉంచి అక్కడే చదివి, అక్కడే అరల్లో సర్దుకునే పద్ధతి. ఇవాళ మాలిక్ ఫోన్‌లోనూ, మునీమ్ కంప్యూటర్‌లోనూ ఒకే డాక్ కనిపిస్తోందంటే ఆ రెండో దారి చలవే.

మన దేశంలో

హిందుస్తాన్‌లో 1986లో ఎర్నెట్ మొదలైంది. దాని మీద ఐఐటీలు, పరిశోధనా సంస్థలు ఖత్‌లు పంపుకున్నాయి. మామూలు జనానికి తలుపు తెరుచుకున్నది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో ఇంటర్నెట్ ఇచ్చింది. టెలిఫోన్ లైన్ మీద మోడెమ్ కూత పెట్టే దౌర్ అది.

అప్పట్లో ఆఫీసుకు లోపల సర్వర్ ఉండటం లగ్జరీ కాదు, మజ్బూరీ. లైన్ వాడిన సమయానికి పైసలు. అందుకని మూలన ఒక కంప్యూటర్ పెట్టేవాళ్లు. అది రోజుకు కొన్నిసార్లు డయల్ చేసి, వచ్చిన డాక్ మొత్తం దింపుకుని, వెళ్లాల్సిన డాక్ ఎక్కించి లైన్ కట్ చేసేది. తర్వాత తీరిగ్గా లోపలి కేబుల్ మీద ఎవరి ఖత్ వాళ్లకు పంచేది. పాత హవేలీలో చిట్ఠీల సంచీ తెరిచి పంచే పెద్దమనిషి ఎలాగో, అలాగ.

సామాన్లు కూడా అదే సమయంలో చవకయ్యాయి. 1995లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ ఎగ్జిమ్ మొదలుపెట్టాడు. 1998 చివర్లో ఐబీఎం ప్రయోగశాల నుంచి వీట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ వచ్చింది. రెండూ ముఫ్త్. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, లినక్స్ ఎక్కించి, పోస్ట్‌ఫిక్స్ నడిపితే చిన్న ఆఫీసుకు డాక్‌ఖానా తయారు. పైసలున్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ 1996లో ఎక్స్ఛేంజ్ సర్వర్ తెచ్చింది. మరుసటి ఏడే చిన్న కారోబార్ల కోసం అన్నీ ఒకే పెట్టెలో సర్దిన స్మాల్ బిజినెస్ సర్వర్ వచ్చింది.

అదే దౌర్‌లో ఇంకో దారి కూడా పడింది. చండీగఢ్‌లో పుట్టిన సబీర్ భాటియా, తన దోస్త్ జాక్ స్మిత్‌తో కలిసి 1996 జూలై 4న హాట్‌మెయిల్ తెరిచాడు. ఏ ఊళ్లో, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మన ఖత్ చదువుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. పంపే ప్రతి ఖత్ కింద "మీరూ ముఫ్త్‌గా తీసుకోండి" అనే దావత్ ఒకటి. ఏడాదిన్నర తిరక్కముందే మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. గల్ఫ్‌లో ఉన్న భాయీకి ఫోటో పంపాలన్నా, వీసా కాగితం రావాలన్నా మన పిల్లలు నెట్ సెంటర్‌కు పరుగెత్తిన రోజులు గుర్తుండే ఉంటాయి. మన ఇళ్లల్లో మొదటి ఈమెయిల్ చాలావరకు ఇలా ముఫ్త్ అడ్రసుగానే వచ్చింది. ఇంట్లో పడిన ఆదతే దుకాణానికీ వెళ్లింది.

ఏతబార్ ఎలా విరిగింది

మొహల్లా పెద్దదయ్యే కొద్దీ తాళాలు లేని తలుపులు కొందరి కళ్లల్లో పడ్డాయి.

మొదటి ఘటన చాలా ముందే జరిగింది. 1978 మేలో డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో అమ్మకాలు చూసే గ్యారీ థర్క్, అర్పానెట్ మీద దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. జనం గుస్సా అయ్యారు, చీవాట్లు పెట్టారు, అక్కడితో ఆగింది. 1988 నవంబర్‌లో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు వేల మెషీన్లను కుంగదీసింది. అది దూరిన సందుల్లో ఒకటి సెండ్‌మెయిల్‌లో పరీక్షల కోసం తెరిచి ఉంచిన కిటికీ.

అసలు నుక్సాన్ మాత్రం 1990లలో జరిగింది, అదీ ఒక మంచి ఆదత్ వల్ల. ముసాఫిర్ ఎవరైనా తలుపు తట్టి "ఈ ఖత్ ఫలానా ఊరికి చేర్చండి" అంటే, తమది కాకపోయినా చేర్చడం సర్వర్ల మర్యాద. దారులు సరిగ్గా లేని రోజుల్లో అది అందరికీ పనికొచ్చింది. దీన్నే ఓపెన్ రిలే అంటారు. వ్యాపార ప్రకటనలు గుప్పించేవాళ్లకు ఇది ఖజానా అయింది. ఏ చిన్న ఆఫీసు సర్వరో పట్టుకుని, దాని నెత్తిన లక్ష ఖత్‌లు పెట్టి పోయేవాళ్లు. తెల్లారేసరికి ఆ ఆఫీసు పేరు బద్నామ్. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 నుంచి ఆ తలుపు మొదటే మూసి ఉండేలా చేశారు.

ఈలోపు ఇంకో ఇంతెజాం వచ్చింది. 1997లో పాల్ విక్సీ, ఆయన సాథీలు బద్నామ్ సర్వర్ల జాబితా ఒకటి నడపడం మొదలుపెట్టారు. 1998లో స్పామ్‌హౌస్ వచ్చింది. ఈ జాబితాల్లో నంబరు పడిందంటే దునియాలో సగం తలుపులు మూసుకున్నట్టే. స్పామ్ ఆపడానికి అవి అవసరమే, అందులో షక్ లేదు. కానీ దెబ్బ ఎక్కువగా చిన్నవాళ్లకే తగిలింది. ఇళ్లకు, చిన్న ఆఫీసులకు ఇచ్చే మారుతూ ఉండే ఐపీ నంబర్లను మొత్తంగా అనుమానించడం మొదలైంది. ఇంటర్నెట్ కంపెనీలు చాలాచోట్ల ఖత్‌లు బయటకు వెళ్లే 25వ నంబర్ పోర్ట్‌ను మూసేశాయి. పెద్ద కంపెనీ సర్వర్ నుంచి స్పామ్ వస్తే దాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు, కోట్లమంది ఖత్‌లు ఆగిపోతాయి. అయిదుగురు పనిచేసే ఆఫీసు సర్వర్‌ను ఆపడానికి ఎవరికీ తకలీఫ్ లేదు.

మొహర్ మళ్లీ వచ్చింది

ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఒక వాకియా చెబుతాడు. హజ్రత్ ముఆవియా, అమ్ర్ బిన్ జుబైర్‌కు లక్ష ఇవ్వమని ఇరాక్‌లో గవర్నర్‌గా ఉన్న జియాద్‌కు ఖత్ రాసిచ్చారు. దారిలో ఖత్ తెరుచుకుంది, లక్ష రెండు లక్షలైంది. హిసాబ్ చూసేటప్పుడు సంగతి బయటపడింది. ఆ తర్వాత ఖత్‌లు కట్టి, మూసి, మొహర్ వేయడానికి దీవాన్ అల్ ఖాతమ్ అనే దఫ్తర్‌నే పెట్టారు. అంతకుముందు ఖత్‌లను మూసేవాళ్లు కారట.

ఈమెయిల్ తారీఖ్‌లో కూడా మొహర్ దఫ్తర్ నుక్సాన్ జరిగాకే వచ్చింది. మూడు విడతల్లో వచ్చింది.

మొదటిది ఎస్‌పీఎఫ్, 2006లో కాగితం మీదకు వచ్చింది. డొమైన్ మాలిక్ ఆ పెద్ద డైరెక్టరీలో తన హర్కారాల జాబితా పెడతాడు. "నా పేరు మీద ఖత్ తెచ్చే హక్కు ఈ సర్వర్లకే ఉంది."

రెండోది డీకిమ్, 2007లో. యాహూ, సిస్కో వేర్వేరుగా చేసిన పనిని కలిపి తయారుచేశారు. పంపే సర్వర్ తన దగ్గరున్న రహస్య చాబీతో ప్రతి ఖత్ మీద గణితపు మొహర్ వేస్తుంది. దాన్ని పరీక్షించే రెండో చాబీ డైరెక్టరీలో అందరికీ కనిపించేలా ఉంటుంది. మొహర్ కిందున్న మాటల్లో దారిలో ఒక్క అంకె మార్చినా మొహర్ చెల్లదు. లక్ష రెండు లక్షలు కాలేదు.

మూడోది డీమార్క్, 2012లో. పై రెండింటిలో తేడా వస్తే ఏం చేయాలో మాలిక్ ముందే హుకుం రాసిపెడతాడు. ఊరికే నాకు చెప్పండి, లేదా పక్కన పెట్టండి, లేదా గుమ్మం నుంచే వెనక్కి పంపండి.

చాలా ఏళ్లు ఇవి "ఉంటే మంచిది" అన్నట్టు నడిచాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ సఖ్త్ అయ్యాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైన ఖత్‌లు పంపేవాళ్లకు మూడూ లాజిమీ. తక్కువ పంపే చిన్నవాళ్లకు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి, ఐపీ నంబరు నుంచి వెనక్కి అడిగితే పేరు చెప్పాలి. లేకపోతే మీ కొటేషన్ గ్రాహకుడి స్పామ్ అరలో పడుతుంది, లేదా అసలు చేరదు. మీరేమో రేటు నచ్చలేదేమో అనుకుని కూర్చుంటారు.

కిరాయి దౌర్

2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్ తెచ్చింది. హాట్‌మెయిల్ 2 మెగాబైట్లు ఇస్తున్నప్పుడు ఒక గిగాబైట్ ఇస్తామంటే జనం ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. 2006 ఆగస్టులో అదే గూగుల్, మీ డొమైన్ పేరుతోనే మా దగ్గర డాక్ నడుపుకోండి అని పిలిచింది, ముఫ్త్‌గా. చిన్న ఆఫీసులు మూలనున్న సర్వర్‌ను ఆపేసి ఎంఎక్స్ అటు తిప్పేశాయి. 2012 డిసెంబర్‌లో కొత్తవాళ్లకు ఆ ముఫ్త్ తలుపు మూసుకుంది. 2022లో పాత కారోబారీ ఖాతాలకు కూడా కిరాయి కట్టమని చెప్పారు. మైక్రోసాఫ్ట్ 2011లో ఆఫీస్ 365 తెచ్చి, ఆ తర్వాత స్మాల్ బిజినెస్ సర్వర్‌ను ఆపేసింది. మన దేశంలో చెన్నై నుంచి ఎదిగిన జోహో కూడా ఇదే సేవ ఇస్తోంది.

కిరాయికి పోనివాళ్లకు 2021 మార్చిలో గట్టి దెబ్బ తగిలింది. ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో బయటపడిన సందుల గుండా దునియా అంతటా పదివేల సంఖ్యలో ఆఫీసుల సర్వర్లలోకి దొంగలు చొరబడ్డారు. నష్టపోయింది సొంత ఆఫీసులో సర్వర్ నడుపుకునేవాళ్లే. సర్వర్ పెట్టడం ఒక రోజు పని, దాన్ని కాపలా కాయడం ప్రతిరోజూ పని అని ఆ ఘటన చెప్పింది.

మరి మనం ఏం చేయాలి?

సొంత సర్వర్ పెట్టడం ఇవాళ్టికీ హరామ్ కాలేదు, ముష్కిల్ అయింది అంతే. కావాల్సినవి ఇవి: మారని ఐపీ నంబరు, ఆ నంబరు వెనక మన పేరు, తెరిచి ఉన్న 25వ పోర్ట్, పోస్ట్‌ఫిక్స్, దాని పక్కన ఐమ్యాప్ ఇచ్చే డవ్‌కాట్, ఖత్ దారిలో ఎవరూ చదవకుండా లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ముఫ్త్ సర్టిఫికెట్, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, రోజూ బ్యాకప్, వారం వారం అప్‌డేట్లు. ఇవన్నీ పెట్టాక కూడా కొత్త నంబరును పెద్ద కంపెనీలు నమ్మడానికి కొన్ని వారాలు పడుతుంది. చదువుకునే పిల్లలు ఒక్కసారైనా చేసి చూడాలి, ఇంతకన్నా మంచి మదర్సా లేదు. అయిదుగురున్న దుకాణం దీని మీద తన రోజీని పందెం కాయకూడదు. అది కిరాయికే తీసుకోవాలి.

మకాన్ కిరాయిదైనా పతా మాత్రం మనదిగా ఉండాలి. డొమైన్‌కు ఏడాదికి అయ్యేది చాలావరకు కొన్ని వందల రూపాయలు. దాన్ని మాలిక్ పేరు మీద, మాలిక్ ఫోన్ నంబరు మీద కొనాలి. వెబ్‌సైట్ చేసిన కుర్రాడి పేరు మీద ఉంటే రేపు మన పేరుకే మనం సిఫారసు అడుక్కోవాలి. రెన్యువల్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాయండి. గడువు దాటిపోతే అది ఇంకొకరి చేతికి పోవచ్చు, మన పాత గ్రాహకుల ఖత్‌లు కూడా వాళ్లకే పోవచ్చు.

పతాలు మనుషుల పేర్లతో కాకుండా పని పేర్లతో పెట్టండి. సేల్స్, అకౌంట్స్, ఆర్డర్స్. సేల్స్ చూసే కుర్రాడు నౌకరీ మానేసి పోయినప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే చాలు, పదేళ్ల గ్రాహకుల ఖతో కితాబత్ దుకాణంలోనే ఉంటుంది. సొంత జీమెయిల్‌తో పనిచేసిన మనిషి పోతే, వాళ్లందరూ అతని జేబులో వెళ్లిపోతారు. మూడు నెలలకోసారి డాక్ మొత్తం ఒక హార్డ్ డిస్క్‌కు దింపుకోండి. కిరాయిదారు తాళం వేసినా మన సామాను మన దగ్గరుండాలి.

ఇంకొక్క మాట. ఇవాళ్టి దొంగ ఖత్‌ను దారిలో తెరవడు. పాస్‌వర్డ్ కాజేసి డాక్‌ఖానా లోపలే కూర్చుంటాడు. సరుకు పంపేవాళ్ల ఇన్‌వాయిస్ వచ్చే రోజు దాకా ఆగి, "మా బ్యాంక్ ఖాతా మారింది, ఈ కొత్త నంబరుకు వేయండి" అని అసలు పతా నుంచే రాస్తాడు. మొహర్ అసలుదే, దస్తఖత్ అసలుదే, ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ పాస్. చాబీ దొంగ చేతిలో ఉన్నప్పుడు మొహర్ ఏం చేస్తుంది? అందుకని పాస్‌వర్డ్‌కు తోడు ఫోన్‌కు వచ్చే రెండో తాళం పెట్టుకోండి. ఖాతా నంబరు మారిందని ఎవరు రాసినా, ఆ ఖత్‌లో ఉన్న నంబరుకు కాకుండా మన పాత డైరీలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడే పైసలు పంపండి.

2012లో వచ్చిన కొత్త కాయిదాలతో పతాను తెలుగులోనో ఉర్దూలోనో రాసుకునే వీలు కూడా ఏర్పడింది. డాట్ భారత్ డొమైన్ ఈ రెండు లిపుల్లోనూ ఉంది. అన్ని సర్వర్లూ ఇంకా వాటిని ఒప్పుకోవు కాబట్టి దుకాణానికి ఇంగ్లీషు అక్షరాల పతా తప్పదు. దారి మాత్రం తెరుచుకుంది.

టామ్లిన్సన్ గుర్తుకు కుడి వైపున ఏ పేరుంటుందన్నది ఇప్పటికీ మన ఇఖ్తియార్‌లోనే ఉంది. అక్కడ మీ దుకాణం పేరు రాయించండి. డాక్ ఎవరి మకాన్‌లో దిగినా, ఎన్నిసార్లు మకాన్ మారినా, ఇన్షాఅల్లా మీ బిడ్డల కాలం దాకా ఖత్ మీ పేరుకే వస్తుంది.